ఢిల్లీకి ఎంతసేపు

"ఢిల్లీకి ఎంతసేపనుకున్నారు మూర్తిగారూ? విశాఖపట్నంలో పొద్దున్న కాఫీ తాగి ఎక్కితే రాత్రి భోజనం ఢిల్లీలో," అని ముందుగదిలోంచి భర్త అనంతపద్మనాభంగారి గొంతు వినిపించగానే అమ్మాజీ వంటింట్లో పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆ మాటకి పాలు పెడితే సరిగ్గా సరిపోతుందని నాలుగేళ్లుగా ఆమెకి తెలుసు. విమానం ఎక్కడం, చెవుల్లో పెట్టుకోడానికి దూదీ చప్పరించడానికి పిప్పరమెంట్లూ ఇవ్వడం, భువనేశ్వరంలో కాసేపు దిగడం అయ్యేసరికి పాలు పొంగుతాయి. కలకత్తాలో విమానం మారేసరికి డికాషను దిగుతుంది. పైనుంచి చూస్తే గంగానది ఆరేసిన పంచెలా కనిపించిందని ఆయన చెయ్యి చాపి చూపిస్తున్నప్పుడు కాఫీ గ్లాసులు వెళ్లాలి. ముందు వెళ్తే కథకి అడ్డం. ఆలస్యమైతే, "మా ఇంట్లో కాఫీ కన్నా విమానం ముందొస్తుందండీ," అని వచ్చినవాళ్లని నవ్విస్తారు. వచ్చినవాళ్లు నవ్వుతారు కూడా. స్టోర్సు హెడ్డుగుమాస్తాగారి మాటకి నవ్వకపోతే మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో సిమెంటు బస్తా కదలదు.

మూర్తి కొత్తగా వచ్చిన అసిస్టెంటు ఇంజనీరు. వచ్చే నెల డిసెంబర్లో ఏదో ఇంటర్వ్యూకి ఢిల్లీ వెళ్లాలి. విమానం మొహం ఎరగడు. ఈ కాలనీలో విమానం ఎక్కిన మనిషెవరని అడిగితే అందరూ ఈ క్వార్టరే చూపించారు. అనంతపద్మనాభంగారి తండ్రీ తాతా జయపురం సంస్థానం కచేరీలో పనిచేసినవాళ్లు. ఆ వంశంలో ఏనుగెక్కినవాళ్లున్నారు గాని విమానం ఎక్కింది ఆయనొక్కరే. ఒక్కసారి ఎక్కారు. దిగడం మాత్రం ఇప్పటిదాకా దిగలేదు.

ఆ టిక్కెట్టు అమ్మాజీది. ఆ సంగతి ఆ కథలో ఎప్పుడూ రాదు.

టిక్కెట్టు కొని పంపింది జానకి, అమ్మాజీ చెల్లెలు. అక్కకన్నా ఆరేళ్లు చిన్న. కొరాపుట్టు కొత్తగా జిల్లా అయిన రోజుల్లో వాళ్ల నాన్న రాయగడనుంచి కలెక్టరాఫీసు గుమాస్తాగా మారివచ్చారు. వచ్చిన యేడే తల్లి జ్వరంతో పోయింది. ఆ కొండల్లో అప్పుడు జ్వరం రాని ఇల్లు లేదు. పెళ్లయిన అమ్మాజీని కాపరానికి పంపడం రెండేళ్లు ఆపి చిన్నదాన్ని ఆమె చేతిలో పెట్టారు నాన్న. జానకికి క్వినైను వెయ్యడమంటే ఇంటిల్లిపాదికీ తల ప్రాణం తోకకొచ్చేది. ఎవరు పట్టుకున్నా పళ్లు బిగించేసేది. అమ్మాజీ ఎదురుగా కూచుని, "ఇటు చూడమ్మీ, నా మొహం చూడు," అంటే అక్క మొహం మీంచి చూపు తియ్యకుండా ఆ చేదంతా మింగేది. మింగాక మాత్రం అక్క వీపు మీద రెండు గుద్దులు గుద్దేది.

నాన్న పోయాక జానకి రెండేళ్లు అక్క అత్తవారింట్లోనే ఉంది. ఉంది అనడం మర్యాదకి. అంట్లు తోమింది, నీళ్లు తోడింది, అత్తగారికి కాళ్లు పట్టింది. రాత్రి భోజనాల్లో ఆ పిల్ల రెండోసారి అన్నం పెట్టించుకుంటే అత్తగారు విస్తరివైపు చూసేవారు. ఏమీ అనేవారు కాదు. అమ్మాజీ తన కాసులపేరు ఒకటి మాయం చేసి చెల్లెల్ని విశాఖపట్నంలో టైపు నేర్చుకోడానికి పంపేసింది. యుద్ధకాలంలో ఆడపిల్లలకి కూడా ఢిల్లీ ఆఫీసుల్లో ఉద్యోగాలు దొరికాయి. జానకి అలా వెళ్లి అక్కడే ఉండిపోయింది. "మొగుడి ఇంటికి పంపవలసిన పిల్లని మిషను ముందు కూచోబెట్టింది," అని అత్తగారు ఇప్పటికీ అంటారు. అమ్మాజీ జీవితంలో తను ఒక్కర్తే అనుకుని, తను ఒక్కర్తే చేసిన పని అది. అందుకే ఆ దెప్పు ఆమెకి ఎప్పుడూ గుచ్చుకోలేదు.

నాలుగేళ్ల కిందట మార్గశిరంలో జానకి ఉత్తరం రాసింది. కడుపులో గడ్డ ఉందట. చిన్నదేనట. వచ్చే నెల మొదటి గురువారం పొద్దున్న ఆపరేషను. "మత్తు ఇస్తారట అక్కా. నిద్రపోయేముందు నీ మొహం చూడాలని ఉంది. ఇంత వయసొచ్చి ఇదేం కోరికని నవ్వకు. రా."

అనంతపద్మనాభంగారు చెడ్డమనిషి కాదు. ఉత్తరం చదివి, "వెళ్లొద్దని ఎవరన్నారు? వారంరోజుల్లో వచ్చేసేట్టయితే వెళ్లు. అంతకన్నా అయితే అమ్మ పొయ్యిదగ్గర కూచోలేదు," అన్నారు. వారం అంటే మాటలా? పదహారేళ్ల కాపరంలో ఆమెకి ఎవరూ వారం ఇవ్వలేదు. కాని సాలూరు ఘాటు దిగి, విజయనగరంలో రైలెక్కి, కలకత్తాలో మారి ఢిల్లీ చేరడానికి మూడ్రోజులు. రావడానికి మూడు. మిగిలిన ఒక్కరోజులో చెల్లెలి మంచం పక్కన కూచుని, ఎలా ఉందమ్మా అని అడిగి, లేచి వచ్చెయ్యాలి. ఇదే జానకికి రాసింది. జవాబుగా టిక్కెట్టు వచ్చింది. "నీకిచ్చిన వారాన్ని రైలుకి ధారపొయ్యకు అక్కా. విశాఖపట్నానికీ ఢిల్లీకీ గాలిలో పదమూడువందల మైళ్లట, ఒక్క పగటిలో అయిపోతుందట. ఆ దూరం విమానం చూసుకుంటుంది. నువ్వు విశాఖపట్నందాకా వచ్చెయ్యి చాలు."

విశాఖపట్నందాకా రావడం. పదమూడువందల మైళ్లు ఒక ఎత్తు, అమ్మాజీకి వంటింటినుంచి వీధిగుమ్మం ఒక ఎత్తు. ఆ వారం పదిరోజులూ ఆమె ప్రయాణానికి సర్దుకున్నది ఒక్క ట్రంకు. ఇంటికి సర్దిపెట్టినది అంతా ఇంతా కాదు. కందిపొడి, కారప్పొడి, చారుపొడి కొట్టింది. ఉప్పుడుపిండి రవ్వ విసిరింది. మూడు గుమ్మడికాయల వడియాలు పెట్టింది. ఆయన చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ చేయించింది. అత్తగారి మడిబట్టలు వేరే దండెం మీద వరసగా ఆరేసింది. బొర్రిగుమ్మ నుంచి ఒక వంటబ్రాహ్మణ్ణి పిలిపించి, ఆయనకి ఏ కూరలో ఎంత ఉప్పో అప్పజెప్పింది. తను లేనట్టు ఎవరికీ తెలియకూడదని అంత శ్రద్ధ. ఆ శ్రద్ధ గురించి తరవాత చాలాసార్లు ఆలోచించింది. లేనట్టు తెలియకపోతే, ఉన్నప్పుడు మాత్రం ఏం తెలిసింది వీళ్లకి?

అంతా అయ్యాక అత్తగారు పంచాంగం తీశారు. సోమవారం బస్సు తూర్పుకి, మంగళవారం విమానం ఉత్తరానికి. "సోమవారం తూర్పుకి వారశూల. మంగళవారం ఉత్తరానికి శూల. రెండూ ఏరి కోరి తెచ్చుకున్నట్టున్నాయే," అన్నారావిడ. విమానం వారానికి రెండే, మంగళవారం, శనివారం. శనివారం వెళ్తే ఆపరేషను అయిపోతుంది. చివరికి ఆవిడే దారి చెప్పారు. ఆవిడ కూడా చెడ్డమనిషి కాదు, శాస్త్రం ఎంత బిగించినా కాస్త సందు ఉంటుందని తెలిసినమనిషి. ఆదివారం మంచి గడియలో ప్రస్థానం పెట్టెయ్యమన్నారు. మనిషి కదలలేని రోజున మనిషి తాలూకు మూట ఒకటి ముందుగా, వెళ్లవలసిన దిక్కున, ఇంకొకరింట్లో పెడతారు. ఆ గడియకే ప్రయాణం మొదలైనట్టు లెక్క. తరవాత ఎప్పుడు కదిలినా దోషం లేదు.

"ఏం కట్టాలి అత్తయ్యగారూ?" అని అడిగింది అమ్మాజీ.

"గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, నీ రవికలగుడ్డ ఒకటి. మూట మాత్రం వాడి బట్టలో కట్టాలి. మనింట్లో ముత్తైదువ ఒంటరిగా బయల్దేరదు. మొగుడి బట్ట తోడుండాలి. పట్టుదైతే మంచిది."

ఆయనకి ఉన్న పట్టుబట్టల్లో చిన్నది జరీ కండువా. దాన్లో కట్టింది. తూర్పున వరస చివర క్వార్టరు గున్నమ్మది. గున్నమ్మ మొగుడు జగ్గారావు ప్రాజెక్టు లారీ డ్రైవరు. గుణుపురం దగ్గర రామనగుడలో పొలం అన్నకి వదిలేసి పనికోసం ఈ కొండల్లోకి వచ్చినవాళ్లు. వాళ్లింట్లో తమ మూటేవిటని అత్తగారు కాసేపు నసిగారు గాని, తూర్పున ఇంకో ఇల్లు లేదు. ఆదివారం పొద్దున్న అమ్మాజీ మూట పట్టుకెళ్తే గున్నమ్మ గది మూల పేడతో అలికి, ముగ్గు పెట్టి, పీట వేసి ఉంచింది. "ఇక్కడెట్టమ్మా. పిల్లల్ని కూడా ముట్టనివ్వన్లే. నువ్వు ఢిల్లీ ఎలిపోయినట్టే," అంది. మూట పీట మీద పెట్టి బయటికి వస్తూ అమ్మాజీ నవ్వుకుంది. ఆ పగలంతా ఆమె అదే ఇంట్లో అదే పొయ్యి ముందు కూచున్నా ఎందుకో ఒళ్లు తేలికైపోయింది. నేనిక్కడ లేను, వెళ్లిపోయాను అనుకుంటూ చారు పోపు పెట్టింది.

ఆ సాయంత్రం పెద్ద ఇంజనీరుగారి బంగళాలో సత్యనారాయణ వ్రతం. అనంతపద్మనాభంగారు స్నానం చేసి, పంచె కట్టుకుని, కండువా కోసం పెట్టె తెరిచారు. లేదు. అమ్మాజీ పెరట్లో ఉంది. పిలిస్తే పలికేది. ఆయన పిలవలేదు. ఎక్కడుందో గుర్తొచ్చి నేరుగా గున్నమ్మ ఇంటికి వెళ్లి మూట విప్పి, బియ్యం, పసుపు, రవికలగుడ్డ పాత పేపరులో చుట్టి అక్కడే పీట మీద పెట్టేసి, కండువా భుజాన వేసుకున్నారు. "ఇప్పకూడదేటో బాబూ," అని గున్నమ్మ అన్నదట. "రాత్రికి తెచ్చి మళ్లీ కట్టేస్తాలే," అన్నారట. వ్రతానికి వెళ్లారు, ప్రసాదం తిన్నారు, కండువాతోనే ఇంటికొచ్చారు. వీధిగుమ్మంలో కూచున్న తల్లి ఆ కండువా చూసి బుగ్గలు నొక్కుకున్నారు.

"అదేవిట్రా? బయల్దేరిన మనిషిని వెనక్కి తీసుకొచ్చేవా?"

"గుడ్డముక్కకి ఇంత రాద్ధాంతం ఏవిటమ్మా? ఇంత జరీ కండువా ఉండి ఉత్త భుజంతో వెళ్లమంటావా ఆ పెద్దమనుషుల్లోకి?"

"మళ్లీ పెడదామా అత్తయ్యగారూ?" అంది అమ్మాజీ.

"తిరిగొచ్చిన ప్రస్థానం మళ్లీ పెట్టరు. నేనెక్కడా వినలేదు." ఆవిడ కోడలివైపు తిరిగారు. "నిన్ను వెళ్లొద్దనను. వెళ్లు. కాని ప్రయాణానికి తగిలే చెడు బయల్దేరినవాళ్లకే తగులుతుందని ఎక్కడా లేదు. ఎవరికోసం వెళ్తున్నామో వాళ్లకీ తగలొచ్చు. అది మాత్రం చూసుకో."

అనంతపద్మనాభంగారు, "నీ ఇష్టం. వెళ్లదల్చుకుంటే వెళ్లు," అని కండువా మడిచి పెట్టెలో పెట్టుకున్నారు. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకు ఆపలేదు. అదే తరవాత ఆమెని తినేసింది. ఎవరైనా ఆపి ఉంటే వాళ్లని తిట్టుకుని బతికేది. తనకోసం అయితే శూలనీ శనినీ లెక్కచేసేది కాదు. జానకికి తగులుతుందేమో అన్న ఆ ఒక్క మాట కడుపులో పడింది. గున్నమ్మకి కబురు తెలిసి పెరటిదారిన వచ్చి చెయ్యి పట్టుకుని బతిమాలింది కూడా. "మూటేటి, మనిసేటి అమ్మా. మూట ఎనక్కొస్తే మనిసి ముందుకెల్లకూడదా? నువ్వెల్లిపో. ఆ పిల్ల సూస్తాది నీకోసం." అమ్మాజీ వింది. గున్నమ్మ మాటల్లో ఉన్నది తెలివి అనీ, అత్తగారి మాటల్లో ఉన్నది భయం అనీ ఆమెకి ఆ క్షణంలోనే తెలుసు. తెలిసి కూడా భయాన్నే నమ్మింది. పదహారేళ్లుగా ఏ మాట వినడం అలవాటైందో ఆ మాటే వింది.

సోమవారం పొద్దున్న బస్సు కాలనీ గేటు దగ్గర ఆగింది. డ్రైవరు అసిరయ్యకి అమ్మగారు ఢిల్లీ వెళ్తారని వారంముందే చెప్పి ముందుసీటు ఉంచమన్నారు. హారను కొట్టాడు. కాసేపాగి మళ్లీ కొట్టాడు. ఎప్పుడూ ఎవరికోసమూ ఆగనివాడు ఆ రోజు ఆగాడు. అమ్మాజీ వంటింట్లో కందిపప్పులో రాళ్లు ఏరుతూ కూచుంది. బస్సు ఘాటుమలుపు తిరిగి చప్పుడు ఆగిపోయేదాకా ఏరుతూనే ఉంది. వారం తరవాత శనివారం విమానానికి వెళ్తాను, ఆపరేషను అయి లేచి కూచున్నాక చూస్తాను, అప్పుడు దానిచేత రెండు గుద్దులు గుద్దించుకుంటాను, అని మనసుకి సర్దిచెప్పుకుంది. అనంతపద్మనాభంగారు ఆఫీసుకెళ్తూ తపాలాఫీసులో టెలిగ్రాం ఇచ్చారు. ఇంటికొచ్చి చెప్పారు: "అమ్మాజీ నాట్ స్టార్టింగ్ అని కొట్టించేను. బయల్దేరడంలేదు అంటే ఇక కారణాలు అక్కర్లేదు."

గురువారం జానకి బల్ల మీదనుంచి లేవలేదు. శుక్రవారం తెల్లవారుతూనే కబురొచ్చింది.

చావు కబురుకి పంచాంగం చూడరు. శనివారం విమానానికి అనంతపద్మనాభంగారు వెళ్లారు. అమ్మాజీ టిక్కెట్టు విమానం ఆఫీసులో ఇచ్చి తన పేర మార్పించుకున్నారు. "నేనూ వస్తాను," అని ఆమె అంటే, "ఉన్నది ఒక టిక్కెట్టు. జానకి ఆఫీసులో రావలసినవి తేల్చుకోవాలి, సామాన్లు తెచ్చుకోవాలి. ఆడదానివి నువ్వెళ్లి ఏం చేస్తావు?" అన్నారు. అదీ నిజమే అనిపించేట్టే అన్నారు. దహనం అప్పటికే ఆఫీసువాళ్లు చేసేశారు. ఆయన ఒక ట్రంకు తెచ్చారు, చెవుల్లో పెట్టుకోగా మిగిలిన దూది తెచ్చారు. జానకితో పనిచేసిన ఒక పంజాబీ ఆవిడ చెప్పిందని ఒక మాట కూడా తెచ్చారు. టెలిగ్రాం చూసి జానకి చాలా కంగారుపడిందట. "మా అక్క బయల్దేరలేదంటే దానికి ఒంట్లో బాగుండి ఉండదు, ఎవరైనా కనుక్కోండి," అని స్ట్రెచరు మీద కూడా అంటూనే ఉందట. ఆ మాట చెప్పి ఆయన, "పాపం, ఎంత అభిమానమో," అన్నారు. ఆ వెంటనే నాగపూరు కమలాపళ్లు ఢిల్లీలో ఎంత చవకో చెప్పారు.

ఆ రోజునుంచి అమ్మాజీకీ గున్నమ్మకీ మధ్య ఒక చుట్టరికం ఏర్పడింది. "నాను ఆ గుడ్డ ఇవ్వకుండా ఉండాల్సింది అమ్మా. పెద్దోరని నోరు మూసుకున్నాను," అని గున్నమ్మ సంతకి వెళ్లినా నీళ్లకి వెళ్లినా ఏదో సందు చూసుకుని అంటుంది. "నీదేం ఉంది, నేను బస్సెక్కాల్సింది," అని అమ్మాజీ అంటుంది. ఆ తప్పుని ఇద్దరు ఆడవాళ్లూ నాలుగేళ్లుగా పంచుకుంటున్నారు. నువ్వు మొయ్యకు, నేను మోస్తాను అని ఒకరి దగ్గర ఒకరు లాక్కుంటున్నారు. కండువా విప్పినాయనకి అందులో పిసరు కూడా మిగల్లేదు. ఆయనకి మిగిలింది విమానం. వచ్చినవాళ్లందరికీ చెప్పడానికి పదమూడువందల మైళ్ల ఆకాశం మిగిలింది.

అమ్మాజీ గ్లాసుల్లో కాఫీ కలిపింది. లోపల గంగానది పంచెలా పరుచుకుంటోంది. పళ్లెం పట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి మూర్తి, "అంతా బాగానే ఉందిగాని సార్, డిసెంబర్లో పొగమంచుకి విమానాలు ఆగిపోతాయంటున్నారు. నా ఇంటర్వ్యూ మంగళవారం విమానం మీద ఆధారపడి ఉంది," అన్నాడు.

"ఆగకేం? ఆగుతాయి," అన్నారు అనంతపద్మనాభంగారు హుషారుగా. ఇన్నాళ్లూ ఎవరూ అడగని ప్రశ్న దొరికింది ఆయనకి. "నేను వెళ్లిన వారం అదే అయింది. కలకత్తాలో మంచు. మంగళవారం విమానం విశాఖపట్నం రానేలేదు. నా పక్కసీటు మార్వాడీ ఆయన మంగళవారంనుంచీ పడిగాపులు పడి పడి శనివారం నాతో ఎక్కేడు. పాపం, దారంతా సణుగుతూనే ఉన్నాడు. మీరు ఒక విమానం ముందుగా పెట్టుకోండి."

పళ్లెం పట్టుకునే ఆమె ఆయన కుర్చీదాకా వచ్చింది.

"ఏ మంగళవారం?" అంది అమ్మాజీ.

పరాయివాళ్ల ముందు ఆవిడ మాట్లాడ్డం ఆయనకి వింతగా ఉంది. "అదే. నువ్వు వెళ్దామనుకున్న మంగళవారం."

"మీకప్పుడే తెలుసా?"

"తెలీకపోవడమేవిటి, ఆ మార్వాడీ చెప్తే? ఏం, నేను చెప్పలేదూ? చెప్పే ఉంటాను."

చెప్పలేదు. దూది చెప్పారు, పిప్పరమెంట్లు చెప్పారు, కమలాల ధర చెప్పారు. ఇది చెప్పలేదు. ఎందుకు దాచారని అడగడానికి కూడా వీల్లేదు. ఆయన దాచలేదు. ఆయనకి అది చెప్పవలసిన సంగతిలా కనబడలేదు, అంతే. ఇదే ఇంట్లో, ఇదే కంచం పక్కన నాలుగేళ్లు కూచున్న ఆడది ఏ మంగళవారాన్ని తవ్వుకుని తవ్వుకుని చస్తోందో ఆయనకి తెలీదు. తెలుసుకోవలసింది ఉందనీ తెలీదు.

అమ్మాజీ పళ్లెం బల్ల మీద పెట్టింది. ఒక్క నిమిషం గుండెలోంచి ఏదో దిగిపోయినట్టే అనిపించింది. విమానమే రాలేదట. ఆ రోజు బస్సెక్కినా, ఏడ్చి మొత్తుకున్నా గురువారానికి జానకి మొహం చూసేది కాదట. అయితే తన తప్పు లేదన్నమాట. కుర్చీ పట్టుకుంది. నాలుగేళ్లలో మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్లింది. గున్నమ్మ దగ్గరికి పరిగెత్తుకెళ్లి చెప్పాలనిపించింది.

లోపలిగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "నేనప్పుడే చెప్పేను. ఆ ప్రయాణం దేవుడే ఆపేడు. మనవాడి చేత కండువా తెప్పించింది కూడా ఆయనే."

"అదీ నిజమే," అన్నారు అనంతపద్మనాభంగారు. కాఫీ గ్లాసు అందుకుని, భార్యవైపు దయగా చూశారు. "చూశావా మరి? అనవసరంగా మనసులో పెట్టుకున్నట్టున్నావు ఇన్నాళ్లూ. వెళ్లినా అందేదానివి కావు."

ఆ దయకి ఆమెకి ఏడుపు రావలసింది. రాలేదు. ఆయన మాట్లాడుతుండగానే ఆమె విశాఖపట్నంలో, తను ఎన్నడూ చూడని విమానాల షెడ్డులో, ఒక బల్ల మీద ట్రంకు పక్కన కూచుని ఉంది. కలకత్తాలో మంచట. మార్వాడీ ఆయన సణుగుడు. విమానం రాదని చెప్పగానే లేచి తపాలాఫీసు ఎక్కడని అడుగుతోంది. ఇంగ్లీషు రాకపోతే ఎవరినో పట్టుకుని రాయిస్తోంది. అక్క ఇల్లు వదిలింది, విశాఖపట్నం చేరింది, మంచువల్ల ఆగింది, వస్తోంది. ఆ నాలుగు మాటలూ బుధవారానికి ఢిల్లీలో జానకి చేతిలో పడతాయి. జానకి గురువారం పొద్దున్న స్ట్రెచరు మీద అక్కకి జబ్బేమో అని కంగారుపడదు. ఆ పంజాబీ ఆవిడతో, మా అక్క దారిలో ఉందని చెప్తుంది. చెప్పి, మొహం చూసినంత ధైర్యంగా ఆ మత్తు పీలుస్తుంది. ప్రాణం నిలిచేదో కాదో ఎవరికి తెలుసు? పోయినా, అక్క వస్తోందనుకుంటూ పోయేది.

దిగిపోయిందనుకున్నది మళ్లీ వచ్చి గుండెల్లో కూచుంది. ఈసారి అది ఎక్కడిదో, ఎంత బరువో ఆమెకి స్పష్టంగా తెలుస్తోంది. విమానం సంగతి కాదు. విమానం సంగతి ఎప్పుడూ కాదు.

మూర్తి ఇబ్బందిగా కాఫీవైపు చూస్తున్నాడు. అనంతపద్మనాభంగారు మళ్లీ కలకత్తా ఎత్తుకోబోయారు. అమ్మాజీ వంటింట్లోకి వెళ్లలేదు. పట్టుకున్న కుర్చీలోనే, ఆ ఇంట్లో మొగవాళ్లు కూచునే కుర్చీలో, వాళ్లకి ఎదురుగా కూచుంది. గొంతు ఎత్తలేదు.

"అవును, అందేదాన్ని కాను," అంది. "కాని బయల్దేరి ఉండేదాన్ని."